పార్కులో ప్లేటు ధర తేలేది గేటు దగ్గర

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన తెలుగు తల్లిదండ్రులకు నయాగరా తర్వాత తప్పనిసరి మజిలీ డిస్నీ వరల్డ్ లాంటి పెద్ద వినోద పార్కులున్న ఆర్లాండో. మిట్టమధ్యాహ్నం ఫ్లోరిడా ఎండ, పీకుతున్న కాళ్ళు, కౌంటర్ ముందు క్యూ. చివరికి చేతికొచ్చేది అట్ట డబ్బాలో ఒక బర్గర్, గుప్పెడు ఫ్రైస్, ఒక కూల్‌డ్రింక్. మనిషికి 20 డాలర్ల దగ్గర తేలుతుంది. నాన్న దాన్ని రూపాయల్లోకి మార్చి, పదిహేడు వందలని లెక్కేసి, "మనింట్లో వారానికి సరిపడా కూరగాయలొస్తాయిరా దీంతో" అంటాడు. కొడుకు మాట్లాడడు. వాడి దిగులు వేరు. పదేళ్ళ కిందట స్నేహితులతో వచ్చినప్పుడు ఇదే చోట ఇంతకంటే తక్కువకి ఇంతకంటే మంచి తిండి తిన్నానని వాడి నమ్మకం.

నాన్నది ధర గురించిన ఫిర్యాదు. కొడుకుది రుచి గురించినది. థీమ్ పార్కు తిండి మాటొస్తే ఈ రెండూ ఒక ముద్దలా కలిసిపోయి "దోచుకుంటున్నారు" అన్న మాట దగ్గర ఆగిపోతాయి. విడదీసి చూస్తే ధర పెరిగే దారి ఒకటి, రుచి తగ్గే దారి మరొకటి. రెండూ మొదలయ్యేది మాత్రం పార్కు గేటు దగ్గరే.

చికెన్ భోజనం క్యూలోంచి పుట్టిన పార్కు

కాలిఫోర్నియాలో బ్యూనా పార్క్ అనే ఊళ్ళో వాల్టర్ నాట్, కోర్డీలియా నాట్ దంపతులు బెర్రీ పళ్ళు పండించి రోడ్డు పక్కనే అమ్ముకునేవాళ్ళు. అమెరికాని 1930లలో కుదిపేసిన ఆర్థిక మహామాంద్యం రోజులు. నాలుగు డబ్బులు వస్తాయని 1934లో కోర్డీలియా తన పెళ్ళినాటి పింగాణీ పళ్ళేల్లో వేపుడు చికెన్ భోజనం పెట్టడం మొదలుపెట్టింది. ధర 65 సెంట్లు. ఆ రుచి ఊరూరా పాకి జనం గంటల తరబడి క్యూ కట్టసాగారు. వాళ్ళకి పొద్దుపోవడానికని వాల్టర్ 1940లో 'ఘోస్ట్ టౌన్' పేరుతో పాతకాలపు పల్లె ఒకటి కట్టడం మొదలుపెట్టాడు. అది పెరిగి పెరిగి నాట్స్ బెర్రీ ఫామ్ అనే పార్కు అయింది. భోజనానికి వచ్చినవాళ్ళ కాలక్షేపం కోసం పుట్టిన పార్కు అది.

1968లో దాని చుట్టూ కంచె వేసి టికెట్ పెట్టారు. చికెన్ రెస్టారెంట్ మాత్రం ఇప్పటికీ గేటు బయటే ఉంది. టికెట్ లేనివాళ్ళూ వెళ్ళి తినొచ్చు. ఇది చిన్న వివరమే కానీ అసలు సంగతి ఇందులోనే ఉంది. గేటు బయట వండేవాళ్ళకి పక్క వీధి హోటళ్ళతో పోటీ. గేటు లోపల వండేవాళ్ళకి పక్క కౌంటర్‌తో పోటీ, చాలాసార్లు ఆ కౌంటర్ యజమాని కూడా అదే కంపెనీ.

అన్నట్టు, అమెరికా ధరల సూచీ ప్రకారం చూస్తే అప్పటి 65 సెంట్లు 2024 నాటికి సుమారు 15 డాలర్లకి సమానం. నేడు పెద్ద పార్కుల్లో కూల్‌డ్రింక్ కలపకుండా ఒక బర్గర్, ఫ్రైస్ ధర కూడా దాదాపు అంతే. ఒకటి పింగాణీ పళ్ళెంలో కూర్చోబెట్టి వడ్డించిన భోజనం, రెండోది అట్ట డబ్బా.

బయటికెళ్ళి తినొచ్చు కదా?

వెళ్ళొచ్చు. ఎవరూ కట్టేయలేదు. అయినా వెళ్ళరు. కొనేవాడు ఇంకో దుకాణానికి పోలేని, లేదా పోతే గిట్టుబాటు కాని పరిస్థితిని 'క్యాప్టివ్ మార్కెట్' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే కదలలేని గిరాకీ. ఎయిర్‌పోర్టులో ఇడ్లీ, మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్, హైవే మీద బస్సు ఆగే హోటల్లో టీ, అన్నీ ఈ కోవలోవే. హైవే హోటల్ సంగతి మనకి బాగా తెలుసు. డ్రైవర్‌కి భోజనం ఉచితం, మనకి చట్నీ పలుచన.

పార్కులో ఆ కట్టు ఎంత గట్టిదో ఒక లెక్క చూద్దాం. అంకెలు ఊహించుకున్నవి, సులువుగా ఉండేట్టు. నలుగురున్న కుటుంబం, ఒక్కో టికెట్ 150 డాలర్లు, పార్కు పది గంటలు తెరిచి ఉంటుంది. అంటే లోపల ఒక్క గంట విలువ మనిషికి 15 డాలర్లు. బయట 12 డాలర్లకే మంచి భోజనం దొరుకుతుంది, లోపల 20. బయట తింటే నలుగురి మీద 32 డాలర్లు మిగులుతాయి. అయితే పార్కింగ్ దాకా నడిచి, కారు తీసి, తిని, మళ్ళీ బ్యాగు చెకింగ్ దాటి వచ్చేసరికి రెండు గంటలు పోతాయి. రెండు గంటలు, నలుగురు మనుషులు, గంటకి 15 చొప్పున 120 డాలర్ల టికెట్ కాలం ఆవిరి. 32 మిగుల్చుకోవడానికి 120 పోగొట్టుకోవడం. కాబట్టి 20 డాలర్ల బర్గర్ కొన్నవాడు అమాయకుడేమీ కాదు, లెక్క తెలిసినవాడే.

ఇదే లెక్కలో టికెట్‌ని 200 చేసి చూడండి. గంట విలువ 20కి పెరుగుతుంది, బయటికెళ్తే పోయేది 160 అవుతుంది. బర్గర్ ధర పెంచడానికి పార్కుకి ఇంకొంచెం చోటు దొరుకుతుంది. వంటింట్లో ఏమీ మారలేదు, గేటు దగ్గర మారింది. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో ఒక పార్కైన మ్యాజిక్ కింగ్‌డమ్ ఒకరోజు టికెట్ 2015లో మొదటిసారి 100 డాలర్లు దాటి 105 అయింది. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో రద్దీ ఎక్కువగా ఉండే రోజుల టికెట్ 2024 అక్టోబర్‌లో 206కి చేరింది.

గేటు దగ్గర తీసుకోవాలా, లోపల తీసుకోవాలా?

డిస్నీల్యాండ్ 1955 జులై 17న తెరిచినప్పుడు గేటు టికెట్ ఒక్క డాలరు. లోపల ప్రతి రైడ్‌కీ విడిగా కట్టాలి. తర్వాత కూపన్ పుస్తకాలు వచ్చాయి. చిన్న రైడ్‌కి 'ఏ' కూపన్, పెద్దవాటికి 'ఈ' కూపన్. ఆ రోజుల్లో లోపలి హోటళ్ళు చాలావరకు బయటి కంపెనీలు నడిపేవి. చిప్స్ అమ్మే ఫ్రిటో కంపెనీ వాళ్ళ రెస్టారెంట్ ఒకటుండేది. అక్కడ మిగిలిపోయిన టోర్టిల్లాలని, అంటే మొక్కజొన్న రొట్టెల్ని, ముక్కలు చేసి వేయించి మసాలా చల్లి పెట్టారని, డోరిటోస్ చిప్స్ అలా పుట్టిందని చెప్తారు. మనం మిగిలిన చపాతీలకి చేసే పనే.

1971లో వాల్టర్ ఓయ్ అనే ఆర్థికవేత్త డిస్నీల్యాండ్‌నే ఉదాహరణగా తీసుకుని ఒక పరిశోధన పత్రం రాశాడు. పోటీ లేని పార్కు డబ్బుని గేటు దగ్గర వసూలు చేయాలా, లోపల రైడ్ల దగ్గరా అన్నది ప్రశ్న. ప్రవేశానికి ఒక రుసుము, లోపల వాడకానికి ఇంకో రుసుము ఉండే పద్ధతిని రెండంచెల ధర అంటారు. వచ్చేవాళ్ళందరూ ఒకేలాంటివాళ్ళయితే, లోపల దేనికైనా అసలు ఖర్చే తీసుకుని లాభమంతా గేటు దగ్గర గుంజడం మేలు అని సిద్ధాంతం చెప్తుంది. మనుషులు ఒకేలా ఉండరు కాబట్టి చిక్కంతా. ఒకరు నీళ్ళు తాగి సరిపెట్టుకుంటారు, ఇంకొకరు పిల్లలు అడిగిందల్లా కొంటారు. ఆ రెండోవాళ్ళ దగ్గర ఎక్కువ రాబట్టాలంటే లోపల ధర ఉండాలి.

1982లో డిస్నీ కూపన్లు ఎత్తేసి, ఒకే టికెట్‌తో అన్ని రైడ్లూ అన్న పద్ధతికి మారింది. పిల్లలకి పండగే. కానీ ఆ రోజు నుంచి గేటు దాటాక జేబులో చెయ్యి పెట్టించే దారులు ప్రధానంగా రెండే మిగిలాయి: బొమ్మల కొట్టు, తిండి. 2021 అక్టోబర్‌లో మూడోది తోడైంది. 1999 నుంచి ఉచితంగా ఉన్న, క్యూ తప్పించుకునే ఫాస్ట్‌పాస్ పోయి, డబ్బు కట్టే పద్ధతి వచ్చింది.

పార్కుల తరఫున వాదించేవాళ్ళకి ఇక్కడ ఒక న్యాయమైన మాట ఉంది. లోపల ఖరీదు పెడితేనే గేటు ధర తక్కువగా ఉంచగలం, డబ్బున్నవాడు కొనే పాప్‌కార్న్ లేనివాడి టికెట్‌ని చవక చేస్తుంది అని. స్పెయిన్ సినిమా హాళ్ళ మీద రికార్డ్ గిల్, వెస్లీ హార్ట్‌మన్ అనే ఇద్దరు చేసిన అధ్యయనం ఈ వాదనకి బలమిచ్చింది. ఒప్పుకుందాం. గేటు చవగ్గా ఉన్నంతవరకు ఒప్పుకుందాం. గేటు, ప్లేటు రెండూ కలిసి పైకి పోతున్నప్పుడు మాత్రం ఈ వాదన నిలబడదని నా అభిప్రాయం.

దీనికి ఎదురు ఉదాహరణ పెన్సిల్వేనియాలో ఉంది. కనోబెల్స్ అనే పాత పార్కులో ప్రవేశం ఉచితం, పార్కింగ్ ఉచితం, ఎక్కిన రైడ్‌కే డబ్బు. రైడ్ ఎక్కకుండా భోజనానికే వచ్చి పోవచ్చు. బయటికెళ్తే వృథా అయ్యే టికెట్టే లేదు కాబట్టి అక్కడ గిరాకీ బందీ కాదు. అమెరికాలో తిండి బాగుండే పార్కుల పేర్లు చెప్పమంటే ఆ పేరు ముందు వరసలో వస్తుంది. ఇండియానాలోని హాలిడే వరల్డ్ ఇంకో దారి పట్టింది. 2000 నుంచి టికెట్‌తో పాటు కూల్‌డ్రింకులు ఎన్ని తాగినా ఉచితం.

ఖర్చులు పెరిగాయన్నది సాకా, నిజమా?

నిజమే, కొంతవరకు. అమెరికాలో బయట తినే తిండి ధరలు 2022లో 7.7 శాతం, 2023లో 7.1 శాతం పెరిగాయి. ఇది పార్కుల లెక్క కాదు, దేశం మొత్తం లెక్క. ఫ్లోరిడా ఓటర్లు 2020 నవంబర్‌లో కనీస వేతనాన్ని ఏటా పెంచుతూ 2026 నాటికి గంటకి 15 డాలర్లు చేయాలని నిర్ణయించారు. డిస్నీ వరల్డ్ కార్మిక సంఘాలు 2023లో అంతకంటే ముందుకెళ్ళి 18 డాలర్ల కనీస వేతనానికి ఒప్పందం కుదుర్చుకున్నాయి. బర్గర్ తిప్పేవాడికి జీతం పెరిగితే బర్గర్ ధరలో అది కనిపించడం సహజం. అందులో తప్పు పట్టాల్సింది లేదు.

మరి మిగతా భాగం? 2021 నవంబర్‌లో డిస్నీ అప్పటి ముఖ్య ఆర్థికాధికారి క్రిస్టీన్ మెకార్తీ, ఖర్చుల పెరుగుదలని ఎలా తట్టుకుంటారని మదుపరుల సమావేశంలో అడిగితే దాపరికం లేకుండా చెప్పారు: సరఫరాదారుల్ని మార్చొచ్చు, ఒక సరుకు బదులు ఇంకొకటి వాడొచ్చు, వడ్డించే పరిమాణం తగ్గించొచ్చు, అది కొందరి నడుములకి మంచిదే కావచ్చు, అవసరమైన చోట ధరలూ చూడొచ్చు. నడుముల మాట మీద గొడవ జరిగింది. నాకైతే ఆ వ్యంగ్యం కంటే ముందున్న జాబితా ముఖ్యంగా కనిపిస్తుంది. ధర పెంచడం అందులో చివర వచ్చింది. ముందున్న మూడూ ప్లేటులో జరిగేవి, మెనూ బోర్డు మీద కనపడనివి. ధర అలాగే ఉంచి పరిమాణం తగ్గించడాన్ని ష్రింక్‌ఫ్లేషన్ అంటారు. బిస్కెట్ ప్యాకెట్‌లో గాలి పెరగడం మనం చూస్తున్నదే.

ఇంకో సంగతీ కలపాలి. 2022 జులై-సెప్టెంబర్ త్రైమాసికంలో ఒక్కదాంట్లోనే డిస్నీ స్ట్రీమింగ్ వ్యాపారం దాదాపు 150 కోట్ల డాలర్లు నష్టపోయింది. పార్కులు, హోటళ్ళు, ఓడలు ఉన్న విభాగం 2024 ఆర్థిక సంవత్సరంలో 3,400 కోట్ల డాలర్ల రాబడి మీద 900 కోట్లకు పైగా నిర్వహణ లాభం తెచ్చింది. ఒక ఇంట్లో ఒక్కడే ఎక్కువగా సంపాదిస్తుంటే భారమంతా వాడి మీద పడ్డట్టే ఇదీ.

కొన్ని చోట్ల ధర మెనూలోనే కనపడదు. సీవరల్డ్ పార్కుల్లో 2023లో కొనుగోళ్ళ మీద 5 శాతం అదనపు రుసుము మొదలుపెట్టారు. బోర్డు మీద పాత ధరే, బిల్లులో కొత్త వరస.

దోసె ఎందుకు దొరకదు: రెండు గంటల లెక్క

రుచికొచ్చేసరికి కథ మారుతుంది. ఇక్కడ దుర్బుద్ధి కంటే గడియారం పాత్ర పెద్దది.

ఒక పార్కుకి 12,000 మంది వచ్చారనుకుందాం. అందులో 9,000 మందికి ఆకలేసేది పన్నెండు, రెండు గంటల మధ్యే. 25 కౌంటర్లు, ఒక్కోటి నిమిషానికి ఒక ఆర్డర్ ఇవ్వగలదు. రెండు గంటల్లో 25 ఇంటూ 120, మొత్తం 3,000 ఆర్డర్లు. ఆర్డర్‌కి ముగ్గురనుకుంటే సరిగ్గా 9,000 మంది గట్టెక్కుతారు. ఇప్పుడు ఒక ఆర్డర్‌కి నిమిషం బదులు రెండు నిమిషాలు పట్టే వంటకం పెడితే? సగంమంది ఆకలితో ఎండలో నిలబడతారు. పోనీ ఇంకో 25 కౌంటర్లు కడదామంటే, మిగతా ఎనిమిది గంటలూ అవి ఖాళీ.

అందుకే అప్పటికప్పుడు పెనం మీద వేసేవన్నీ మెనూలోంచి జారిపోతాయి. మిగిలేవి ముందే వండి వేడిపెట్టెలో ఉంచగలిగేవి: వేయించిన చికెన్ ముక్కలు, పిజ్జా ముక్క, బర్గర్. మన పార్కుల్లో అయితే వెజ్ ఫ్రైడ్ రైస్, చోలే, పులావ్. దోసె ఉన్నా దాని ముందు క్యూ చూసి మనమే పక్కకి వెళ్తాం. చెత్త వంటవాడు కాదు కారణం, నిమిషానికి ఒక ఆర్డర్ అన్న నియమం. డిస్నీ 2017లో ఫోన్‌లో ఆర్డర్ పెట్టే పద్ధతి తెచ్చి క్యూ కొంత తగ్గించింది, కానీ వంటింటి పెనం సైజు ఫోన్ వల్ల పెరగదు కదా.

కూర్చుని తినే రెస్టారెంట్లలో ఇంకో కారణం పనిచేసింది: ముందే డబ్బు కట్టే డైనింగ్ ప్లాన్. డిస్నీ వరల్డ్‌లో ఇప్పటి తరహా ప్లాన్ 2005లో మొదలైంది. హోటల్ బుకింగ్‌తో పాటే రోజుకిన్ని భోజన పాయింట్లు కొనుక్కుంటారు. మొదట్లో ఒక పాయింట్‌కి స్టార్టర్, ప్రధాన వంటకం, డెజర్ట్, టిప్పు అన్నీ కలిపి వచ్చేవి. 2008లో స్టార్టర్, టిప్పు తీసేశారు. 2020లో కొవిడ్‌తో ప్లాన్ ఆగి, 2024 జనవరి 9న తిరిగొచ్చింది.

దీని ప్రభావం ఇలా ఉంటుంది. నా చేతిలో పాయింట్ ఉంది. 22 డాలర్ల పాస్తాకీ 45 డాలర్ల స్టేక్‌కీ అదే పాయింట్. నేను స్టేక్ అడుగుతాను, మీరూ అదే అడుగుతారు. ఖరీదైన వంటకం అంతమందికి వండాలంటే రెస్టారెంట్ దాన్ని కొంచెం చిన్నది, కొంచెం చవకది చేయాలి. అందరూ ఒకేలాంటివి అడుగుతుంటే ప్రతి చోటా మెనూ ఒకేలా తయారవుతుంది. పైగా డబ్బు ఎప్పుడో కట్టేశారు కాబట్టి నచ్చకపోతే లేచి వెళ్ళేవాళ్ళుండరు. ప్లాన్ అభిమానులు దీన్ని ఒప్పుకోరు. సెలవుల్లో ప్రతి పూటా ధర చూసుకునే టెన్షన్ తప్పింది చాలంటారు. అదీ కాదనలేం. నలుగురు పిల్లలతో వెళ్ళినవాళ్ళని అడిగితే తెలుస్తుంది.

ఇవన్నీ ఎలా చెల్లుతున్నాయంటే, ఆకలి రుచెరుగదు. పది కిలోమీటర్లు నడిచినవాడికి పెట్టే భోజనం అది.

అసలు రుచి తగ్గిందా?

తగ్గింది అనేవాళ్ళకి జవాబుగా చూపించడానికి పార్కుల దగ్గర సరుకుంది. డిస్నీ వరల్డ్ హోటల్లోని ఖరీదైన రెస్టారెంట్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్‌కి 2024లో మిషెలిన్ స్టార్ (మంచి రెస్టారెంట్లకి ఇచ్చే పేరున్న గుర్తింపు) వచ్చింది. 2019 నుంచి మెనూల్లో మాంసం, పాలు, గుడ్లు లేని వంటకాల పక్కన ఆకు గుర్తు వేస్తున్నారు. తెలుగు శాకాహారికి ముప్పై ఏళ్ళ కిందట ఫ్రైస్ తప్ప గతిలేదు. ఇప్పుడు అక్కడి హోటళ్ళలో ఒకటైన యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే రెస్టారెంట్‌కి వెళ్తే తొమ్మిది రకాల చట్నీలు, పచ్చళ్ళు, రైతా లాంటివాటితో నాన్‌లు తెచ్చిపెడతారు. డిస్నీ వరల్డ్‌లోనే ఉన్న ఎప్కాట్ పార్కు తిండి పండగల్లో దేశదేశాల వంటలు చిన్న చిన్న ప్లేట్లలో దొరుకుతాయి. ఆ ప్లేట్లు ఎంత చిన్నవంటే మన పెళ్ళి భోజనంలో రుచి చూడమని వేసే చెంచాడంత.

నాకు అర్థమైనంతలో పైన ఉన్నది ఇంకా పైకి పోయింది. నలిగింది మధ్యలోది. బుక్ చేసుకోకుండా కూర్చుని, ఎవరో వడ్డిస్తే, నలుగురూ తిని, బిల్లు చూసి గుండె పట్టుకోకుండా లేచే చోటు. కార్టూన్ బొమ్మలు బల్ల దగ్గరికొచ్చి పలకరించే బఫే పెద్దవాళ్ళకి 60 డాలర్ల పైమాటే, దానికీ 60 రోజుల ముందే బుకింగ్ తెరిచిన పొద్దున లేచి కూర్చోవాలి. కొవిడ్‌కి ముందు అయితే 180 రోజులు. ఆరు నెలల తర్వాత మంగళవారం రాత్రి ఏం తినాలనిపిస్తుందో ఎవరికి తెలుస్తుంది?

జ్ఞాపకం చేసే మాయ కూడా కొంత ఉంటుంది. పదేళ్ళ కిందట ఆ కొడుకు వెళ్ళింది స్నేహితులతో. బిల్లు పంచుకున్నారు, పక్కన రూపాయల్లోకి మార్చి చెప్పే నాన్న లేడు.

పులిహోర డబ్బా ఎక్కడ ఆగుతుంది?

ఇంత చెప్పుకున్నాక ఒక సంగతి ఆశ్చర్యంగా ఉంటుంది. డిస్నీ వరల్డ్‌లోకి ఇంటి తిండి తీసుకెళ్ళొచ్చు. గాజు సీసాలు, మద్యం లాంటివి మాత్రం వద్దంటారు. కౌంటర్లలో అడిగితే గ్లాసుడు ఐసు నీళ్ళు ఉచితంగా ఇస్తారు. అందుకే అక్కడి బెంచీల మీద పులిహోర, పెరుగన్నం డబ్బాలు తెరిచిన తెలుగు కుటుంబాలు అరుదేమీ కాదు. తెచ్చుకునే వీలుందని తెలిసినా ఎక్కువమంది తెచ్చుకోరు, సెలవుల్లో పొద్దున్నే లేచి ఎవరు పోపు పెడతారు? కంపెనీకి ఆ సంగతి తెలుసు.

మన దగ్గర పెద్ద పార్కుల గేట్ల దగ్గర పరిస్థితి వేరు. పసిపిల్లల ఆహారం తప్ప మిగతావి మామూలుగా ఆపేస్తారు. ఒకసారి హైదరాబాద్ శివార్లలో ఒక పార్కుకి వెళ్ళినప్పుడు మా స్టీలు డబ్బా మూత తీయించి చూసి, కారులో పెట్టి రమ్మన్నారు. లోపల ఫ్రైడ్ రైస్ తిన్నాం. సాయంత్రం ఆరింటికి కారు తలుపు తీస్తే నిమ్మకాయ పులిహోర పులిసిన వాసన. మా అత్తయ్య డబ్బాని ఒళ్ళో పెట్టుకుని ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇలా ఆపొచ్చా అన్న ప్రశ్న సినిమా హాళ్ళ విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బయటి తిండిని నిషేధించకూడదని జమ్మూకశ్మీర్ హైకోర్టు 2018లో చెప్పిన మాటని 2023 జనవరి 3న సుప్రీంకోర్టు కొట్టేసింది. హాలు ప్రైవేటు ఆస్తి, షరతులు పెట్టుకునే హక్కు యజమానిది అని అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జస్టిస్ పి.ఎస్. నరసింహ ధర్మాసనం తేల్చింది. ఎవరో జిలేబీ తెచ్చుకుని వేళ్ళు సీటుకి తుడుస్తే ఎలాగన్న ఉదాహరణ వచ్చింది అప్పుడే. ఉచితంగా మంచినీళ్ళు ఇవ్వాలి, పసిపిల్లల ఆహారాన్ని ఆపకూడదు అని మాత్రం స్పష్టం చేసింది. తీర్పు హాళ్ళ గురించే అయినా, ప్రైవేటు ఆస్తి అన్న ఆ తర్కమే పార్కు యజమానులకీ అక్కరకొస్తుంది.

నీళ్ళ బాటిల్ దగ్గర ఇంకో మెలిక ఉంది. ఒకే సరుకు మీద రెండు రకాల ఎమ్మార్పీలు ముద్రించడం 2018 జనవరి 1 నుంచి నిషేధం. అంతకుముందు మాల్‌కి ఒక ధర, కిరాణా కొట్టుకి ఒక ధర ఉండేవి. ఆ నిబంధన ఒకేలాంటి ప్యాకెట్లకే వర్తిస్తుంది, కొలత మారిస్తే అది వేరే సరుకు. ఇక 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, హోటళ్ళు, రెస్టారెంట్లు కూర్చోబెట్టి సేవలతో పాటు ఇచ్చే నీళ్ళ బాటిల్‌కి ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని చెప్పింది. కాబట్టి పార్కు లోపల ఏసీ రెస్టారెంట్ బల్ల మీదికి వచ్చిన బాటిల్ ఒక లెక్క, దాని గుమ్మం పక్కనే బండి మీద ఐసులో పెట్టి అమ్మే బాటిల్ ఇంకో లెక్క. ఆ బండి దగ్గర ఎమ్మార్పీ కంటే ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా, సీసా తిప్పి ముద్రించిన అంకె చూపించి బిల్లు అడగొచ్చు.